అమెరికా కామిక్సా, జపాన్ మాంగానా? 5 వేల రూపాయలతో ఎక్కడ మొదలుపెట్టాలి

కృష్ణాతీరం:
అందరికీ నమస్తే. సినిమాలు, అనిమే బాగా తెలుసు, పుస్తకాలే కొత్త. బడ్జెట్ 5 వేలు. అటు బ్యాట్‌మన్ కొందామంటే "వాల్యూమ్ 1" అని పది పుస్తకాలు కనిపిస్తున్నాయి. ఇటు వన్ పీస్ చూస్తే వంద సంపుటాలు దాటింది. రెండిట్లో దేనితో మొదలుపెట్టాలి? ఎలా కొనాలి? తలా తోకా తెలియని వాడికి చెప్పినట్టు చెప్పండి.

నాలుగోప్యానెల్:
కళ్లు పెద్దవి, కండలు పెద్దవి లాంటి పోలికలు పక్కనపెట్టి ముందు పేజీల లెక్క చూడండి. అమెరికా నెలవారీ సంచికలో 32 పేజీలుంటే కథ 20 నుంచి 22, మిగతావి ప్రకటనలు. అంటే ఏడాదికి 240 పేజీల చిల్లర. షోనెన్ జంప్ లాంటి వారపత్రికలో ఒక్కో అధ్యాయం 19 పేజీలు. ఏడాదికి 48 వారాలు వేసుకున్నా 900 దాటుతుంది.

ఆ 20 పేజీల వెనక రచయిత, పెన్సిల్ వేసేవారు, ఇంకు వేసేవారు, రంగులద్దేవారు, అక్షరాలు పెట్టేవారు ఉంటారు. పెన్సిల్ ఆర్టిస్టు రోజుకో పూర్తి పేజీ తీశాడంటే గట్టివాడే. మాంగాలో రంగు ఉండదు, పత్రిక నాసిరకం న్యూస్‌ప్రింట్ మీద అచ్చవుతుంది. నేపథ్యాలు, స్క్రీన్‌టోన్ (చుక్కలతో బూడిదరంగు ఛాయ తెచ్చే) పని అసిస్టెంట్లు చూసుకుంటారు. కథ, పాత్రల ముఖాలు మాత్రం మాంగాకా, అంటే మాంగా గీసే రచయిత చేతిలోనే ఉంటాయి. అమెరికాలో పేజీ ఖరీదైన సరుకు కాబట్టి ఒక్కో పేజీలో ఐదారు ప్యానెళ్లు (బొమ్మల గళ్లు), నిండా మాటలు కుక్కుతారు. జపాన్‌లో పేజీ చవక. ఒక చూపుకి అరపేజీ ఇచ్చినా ఎవరికీ నష్టం లేదు.

ఇక హక్కులు. సూపర్‌మన్‌ని సృష్టించిన సీగెల్, షుస్టర్ 1938లో ఆ పాత్రని 130 డాలర్లకి అమ్మేసుకున్నారు. పాత్ర కంపెనీది అయిపోయింది కాబట్టి రచయితలు మారుతుంటారు, కథకి ముగింపు రాదు. మాంగాలో హక్కు సాధారణంగా రచయితదే, కాబట్టి ఆయన ముగించినప్పుడు కథ ముగుస్తుంది. మీకు బ్యాట్‌మన్ దగ్గర పది "వాల్యూమ్ 1"లు, వన్ పీస్ దగ్గర ఒకే వరుస కనిపించడానికి కారణం ఇదే.

సిరా_మరక:
నాలుగోప్యానెల్ గారు లెక్క బాగా చెప్పారు. దానికో ఉదాహరణ కలుపుతాను. బాస్కెట్‌బాల్ మాంగా స్లామ్ డంక్ (31 సంపుటాలు, 1990-96) చివర్లో సన్నో జట్టుతో ఆట ఉంటుంది. ఆఖరి క్షణాలకి వచ్చేసరికి మాటల బుడగలు దాదాపు మాయం. పేజీ తర్వాత పేజీ చేతులు, బూట్లు, బంతి, గడియారం. ఆ నిశ్శబ్దం ఒక రెండు పేజీల బొమ్మ దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఏమిటో చెప్పను, చెబితే నేరం. నెలకి 20 పేజీలిచ్చే పద్ధతిలో ఇలాంటిది గీయాలంటే ఎడిటర్ గుండె ఆగిపోతుంది.

ఫోన్‌లో చదివితే ఆ రెండు పేజీల బొమ్మ రెండు ముక్కలవుతుంది, అది మాత్రం గుర్తుపెట్టుకోండి. టాబ్లెట్ అడ్డంగా పట్టుకుని "రెండు పేజీలు కలిపి" అనే సెట్టింగ్ పెట్టండి. లేదా అచ్చు పుస్తకమే కొనండి.

పాతపుస్తకం:
మాంగావాళ్లు "నిశ్శబ్దం, శ్వాస" అంటూ ఊదరగొడతారు గానీ, అందులో సగం సాగదీతే బాబూ. వారం వారం పాఠకుల ఓటు కార్డుల్లో కిందికి జారితే సిరీస్ కత్తెరకి పోతుంది. అందుకని ప్రతి అధ్యాయం చివరా ఓ ఉలికిపాటు పెట్టి లాగుతారు. ఒక పోరాటం పది అధ్యాయాలు నడుస్తుంది. అదే వారానికొకటి చదివితే బాగానే ఉంటుంది, సంపుటంగా చదివితే విసుగు.

పేజీ ఖరీదైనప్పుడు ఏం చేయొచ్చో చూడాలంటే అమెరికా కామిక్ వాచ్‌మెన్ (1986-87, 12 సంచికలు) ఐదో సంచిక తీయండి. మొత్తం 28 పేజీలు. మొదటి పేజీ ప్యానెళ్ల అమరిక 28వ పేజీకి అద్దంలో ప్రతిబింబం. రెండోది 27కి, మూడోది 26కి. అలా లోపలికి వస్తూ 14, 15 పేజీల దగ్గర నడిమధ్యలో కలుస్తుంది. దాని ఆర్టిస్టు డేవ్ గిబ్బన్స్ పేజీకి తొమ్మిది గళ్ల చట్రం పెట్టుకున్నాడు కాబట్టే ఆ అద్దం పని కుదిరింది. ఆ సంచిక రెండు సార్లు చదవండి, రెండోసారి వెనక నుంచి ముందుకి. అప్పుడు మాట్లాడుకుందాం.

సిరా_మరక:
@పాతపుస్తకం ఓటు కార్డుల మాట నిజమే. తక్కువ ఓట్లొచ్చి తెగిపోయిన సిరీస్‌లు రెండు మూడు సంపుటాల్లోనే హడావిడిగా ముగుస్తాయి, చివరి అధ్యాయంలో "కొన్నేళ్ల తర్వాత" అని గెంతేస్తారు. కానీ మాంగా అంతా వారపత్రికలే అనుకోవడం పొరపాటు. నెలవారీ పత్రికలూ ఉన్నాయి. ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ నెలకొకసారి వచ్చింది, 2001లో మొదలై 2010లో 27 సంపుటాలతో అనుకున్న చోట ముగిసింది. అందులో మొదటి సంపుటంలో నాటిన విత్తనం ఇరవయ్యో సంపుటంలో మొలుస్తుంది. సాగదీత ఎక్కడుందో చూపించండి.

నాలుగోప్యానెల్:
ఇద్దరూ ఆగండి, అడిగినాయన దారి తప్పిపోతాడు. "వాల్యూమ్ 1" గొడవ ముందు తేల్చుకుందాం.

బ్యాట్‌మన్ వేసే డీసీ వాళ్లు 2011లో అన్ని సిరీస్‌లకీ మళ్లీ ఒకటో నంబర్ వేశారు, 2016లో చాలావాటికి మరోసారి. మార్వెల్ అయితే కొత్త రచయిత వచ్చినప్పుడు తరచూ ఒకటి నుంచి లెక్క మొదలెడుతుంది. కాబట్టి అట్ట మీది నంబరుని నమ్మొద్దు. మూడు చూడండి: రచయిత పేరు, ఆర్టిస్టు పేరు, మొదటి సంచిక వచ్చిన ఏడాది. "బ్యాట్‌మన్, స్నైడర్-కపుల్లో, 2011" అంటే ఒకే ఒక్క సిరీస్ దొరుకుతుంది. దాని మొదటి కథ కోర్ట్ ఆఫ్ ఔల్స్, 1 నుంచి 7 సంచికలు.

రెండో జాగ్రత్త. అట్ట మీద ఆర్టిస్టుల పేర్లు నాలుగైదు కనిపిస్తే పుస్తకం మధ్యలో బొమ్మలు మారిపోతాయి. అసలు ఆర్టిస్టు గడువు అందుకోలేనప్పుడు వేరేవారితో నింపుతారు. మూడోది, "ఈవెంట్"కి (చాలా సిరీస్‌లలో కలిసి నడిచే కథకి) అనుబంధం అని ఉంటే కొత్తవాళ్లు దాన్ని వదిలేయాలి. కథ సగం ఇంకో ఆరు సిరీస్‌లలో చెల్లాచెదురుగా ఉంటుంది.

మొదలుపెట్టడానికి ఎక్కడా ఏ లంకె లేనివి: బ్యాట్‌మన్ ఇయర్ వన్ (1987, కేవలం 4 సంచికలు), ఆల్-స్టార్ సూపర్‌మన్ (12 సంచికలు), టామ్ కింగ్ రాసిన విజన్ (12 సంచికలు), ఫ్రాక్షన్-ఆయా హాకై (2012 నుంచి, 22 సంచికలు). హాకైలో 11వ సంచిక మొత్తం కుక్క కోణంలో నడుస్తుంది. మనుషుల మాటలు దానికి అర్థమైనంతే మనకీ వినిపిస్తాయి, మిగతాది వాసనలు, గుర్తులు, బొమ్మల చార్టులు. దానికి 2014లో ఐస్నర్ (అమెరికా కామిక్స్ అవార్డు) బహుమతి వచ్చింది. నేనైతే వాచ్‌మెన్‌తో మొదలుపెట్టొద్దంటాను. అది సూపర్‌హీరోల మీద విమర్శ. విమర్శించే సరుకు పదిసార్లు చూశాకే రుచి తెలుస్తుంది.

పాతపుస్తకం:
ఇక్కడ నేను ఒప్పుకోను. సినిమాలు చూసిన వాడికి సూపర్‌హీరో అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అదీగాక వాచ్‌మెన్ ఒక్క పుస్తకంలో పూర్తవుతుంది, 11 సంచికల చివర వచన పేజీలు కూడా ఉన్నాయి. రూపాయికి అన్ని గంటలు చదివించే పుస్తకం ఇంకోటి చూపించండి.

బాలకాండ:
మధ్యలో అడ్డొస్తున్నందుకు ఏమీ అనుకోకండి. పాశ్చాత్యం అంటే అమెరికా ఒక్కటేనా? ఫ్రాన్స్, బెల్జియం ఆల్బమ్‌ల సంగతి? పెద్ద సైజు, 44 నుంచి 62 పేజీలు, పూర్తి రంగులు, ఒక పుస్తకానికి ఒక కథ. టిన్‌టిన్, ఆస్టెరిక్స్ ఏ సంఖ్య తీసుకున్నా చదువుకోవచ్చు. టిన్‌టిన్‌లో మాత్రం రెండేసి పుస్తకాల జంటలు కొన్ని ఉన్నాయి, వాటిని కలిపి కొనాలి. పదేళ్ల లోపు పిల్లలకి ఇంతకన్నా మంచి మొదలు నాకు కనపడదు. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో సెకండ్‌హ్యాండ్ దొరికే అవకాశం కూడా వీటికే ఎక్కువ. మాంగా విడిసంపుటాలు అక్కడ కనిపించినా వరుసగా దొరకవు, 4, 9, 17 అలా.

పిల్లల కోసం ఇంకా: జెఫ్ స్మిత్ బోన్ (55 సంచికలు, తొమ్మిది రంగుల సంపుటాలు కూడా ఉన్నాయి), మాంగాలో యొత్సుబా. కొనేముందు వెనక అట్ట మీద వయసు గుర్తు చూడండి. విజ్ (మాంగాని ఇంగ్లీషులో వేసే ప్రచురణ సంస్థ) పుస్తకాల్లో ఏ అంటే అందరికీ, టీ అంటే పదమూడు దాటినవాళ్లకి, టీ ప్లస్ ఇంకాస్త పెద్దవాళ్లకి, ఎమ్ అంటే పెద్దలకే. అట్ట మీద ముద్దుగా ఉంది కదా అని తీసుకుంటే మొదటికే మోసం. మాంగాలో బొమ్మ చూసి వయసు అంచనా వేయలేం.

కృష్ణాతీరం:
చాలా థాంక్స్ అండీ. రెండు సందేహాలు. మాంగా కుడి నుంచి ఎడమకి చదవడం కష్టమా? త్రీ-ఇన్-వన్, పర్ఫెక్ట్ ఎడిషన్, డీలక్స్ అని ఉన్నాయి, వాటి మధ్య తేడా ఏంటి?

సిరా_మరక:
చదవడం ఒక సంపుటంతో అలవాటైపోతుంది. పేజీలో పై కుడి మూల నుంచి మొదలు, కింద ఎడమ మూలలో ముగింపు. బుడగలు కూడా కుడివైపువి ముందు. చిక్కు వచ్చేది రెండు ప్యానెళ్లు నిలువుగా, వాటి పక్కన ఒక పొడవాటిది ఉన్నప్పుడు. అప్పుడు ప్యానెళ్ల మధ్య తెల్లటి సందు చూడండి. ఏ సందు పేజీ ఈ చివర నుంచి ఆ చివరకి తెగకుండా పోతుందో అదే మొదటి విభజన. దానికి ఒక పక్క మొత్తం చదివాకే రెండో పక్కకి పోవాలి. పేజీ తిప్పే ముందు ఎడమ పేజీ కింది మూల ప్యానెల్ దగ్గర ఆగండి. తర్వాతి పేజీలో ఏమొస్తుందో దాచేది అక్కడే. అందుకే ఆ ప్యానెల్లో తలుపు సగం తెరుచుకుంటుంది, ఎవరో వెనక్కి తిరుగుతారు.

1980లు, 90లలో అమెరికావాళ్లు పేజీలు అద్దంలో లాగా తిప్పేసి అచ్చు వేసేవారు. సమురాయ్‌లందరూ ఎడమచేతి వాటం అయిపోయారు, కిమోనోలు శవాలకి కట్టినట్టు అటుదిటుగా మడతపడ్డాయి. 2000ల మొదట్లో అసలు దిశలోనే వేయడం మామూలైంది. పాతవి కొంటే ఏ దిశో చూసుకోండి. అకీరా పాత ముద్రణ ఎడమ నుంచి, 35వ వార్షికోత్సవం బాక్స్ కుడి నుంచి. మాంగా రచయిత తెజుకా గీసిన బుద్ధ ఎనిమిది సంపుటాలు మన దేశంలో హార్పర్ కాలిన్స్ వేసింది. అవి మన పుస్తకాల్లాగే ఎడమ నుంచి కుడికి. దిశ అంటే భయమున్నవాళ్లకి అదే మంచి మొదలు. కపిలవస్తు, మగధ, కోసల అన్నీ తెలిసిన పేర్లే, కాకపోతే తెజుకా మధ్యలో పెట్టే కోతివేషాలకి సిద్ధంగా ఉండాలి.

నాలుగోప్యానెల్:
ఎడిషన్ల సంగతి నేను చెబుతా. విడి సంపుటం 180 నుంచి 200 పేజీలు. త్రీ-ఇన్-వన్ అంటే మూడు కలిపి కట్టినది, పేజీకి ధర తక్కువ, కానీ జిగురు బైండింగ్ లావుగా ఉండి లోపలి అంచు బొమ్మ గాడిలోకి పోతుంది. గట్టిగా విప్పితే వెన్ను పగులుతుంది. పర్ఫెక్ట్ ఎడిషన్ రెండేసి సంపుటాలు కలిపి కాస్త పెద్ద సైజులో వస్తుంది. మాంగా రచయిత ఉరసావా గీసిన మాన్‌స్టర్ 18 సంపుటాలు అలా 9 అయ్యాయి. డీలక్స్ అంటే పెద్ద గట్టి అట్ట. బెర్సెర్క్ డీలక్స్ మంచం మీద పడుకుని చదివితే ముక్కు మీద పడుతుంది జాగ్రత్త.

అమెరికావైపు: ట్రేడ్ పేపర్‌బ్యాక్ (మెత్తటి అట్ట సంకలనం) 5-6 సంచికలు, డీలక్స్ 10-12, ఆమ్నిబస్ 25 నుంచి 40. కొత్తవాళ్లు ఆమ్నిబస్ జోలికి పోవద్దు. పదివేలు పెట్టి రెండో సంచికలోనే నచ్చలేదనుకోండి, ఇంట్లో మిగిలేది బరువే.

అక్షరశిల్పి:
ఈ దారంలో ఎవరూ ఎత్తని విషయం ఒకటి. ఇవి తెలుగులో ఎందుకు లేవు అని అప్పుడప్పుడూ ఎవరో అడుగుతూనే ఉంటారు. శివకాశి నుంచి లయన్-ముత్తు కామిక్స్ వాళ్లు తమిళంలో యూరప్ కామిక్స్ ఏళ్ల తరబడి వేస్తున్నారు. తెలుగులో మార్కెట్ సంగతి అటుంచి, అక్షరాలు పెట్టేవాడి కష్టం చెబుతాను.

మాంగా బుడగ నిలువుగా, సన్నగా ఉంటుంది. జపనీస్ పైనుంచి కిందికి రాస్తారు కదా. అందులో "చెప్పకుండా వెళ్ళిపోయినందుకేనా?" అని పెట్టి చూడండి. రెండో మాటే బుడగ దాటి పక్క పాత్ర చెవిలోకి పోతుంది. మన మాటలు అతుక్కుని పెరుగుతాయి, మధ్యలో విరిస్తే చదవడానికి ఛండాలంగా ఉంటుంది. అమెరికా బుడగ అడ్డంగా ఉంటుంది కాబట్టి తెలుగు దానికి కాస్త మేలు. కానీ అక్కడ ఇంగ్లీషు మొత్తం పెద్దబడి అక్షరాల్లో, వరుసల మధ్య సందు లేకుండా కుక్కుతారు. మనకి పైన గుడులు, కింద వత్తులు. అక్షరం సైజుకి వరుస ఎత్తు కనీసం ఒకటిన్నర రెట్లు లేకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది.

ప్రయత్నించేవాళ్లకి: ముందు వాక్యం తిరగరాయండి, ఫాంటు కుదించడం ఆఖరి మాట. పై ఉదాహరణని "అందుకా? / చెప్పకుండా / పోయాననా?" అని మూడు చిన్న వరుసలు చేస్తే సన్న బుడగలో కూర్చుంటుంది. మధ్య వరుస పొడుగ్గా, పైనా కిందా పొట్టిగా ఉండాలి. పాత వెర్షన్ ఫోటోషాప్‌లో తెలుగు వత్తులు విడిపోతే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోండి. ఇంక్‌స్కేప్‌లో ఆ గొడవ ఉండదు.

సిరా_మరక:
@అక్షరశిల్పి అద్భుతం అన్నా. దీనికి వేరే దారం తెరవండి, ఇక్కడ కలిసిపోతుంది.

పాతపుస్తకం:
కొనేముందు నకిలీల సంగతి. ఆన్‌లైన్‌లో మాంగా సగం ధరకి వస్తోందంటే అనుమానించండి. పుస్తకం చేతికొచ్చాక బూడిదరంగు ఛాయ ఉన్న ప్యానెల్‌ని వెలుతురులో దగ్గరగా చూడండి. అసలైన దాంట్లో స్క్రీన్‌టోన్ చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. స్కాన్ చేసి వేసిన దాంట్లో చుక్కలు కలిసిపోయి అలికినట్టుంటాయి, లేదా చీర నేతలాంటి అలలు తేలతాయి. లోపలి అంచు మాటలు గాడిలో మునిగిపోవడం, అట్ట మీద చిన్న అక్షరాలు మసకగా ఉండటం, పక్కపక్కన పెడితే వెన్ను మీది లోగోలు ఎత్తుపల్లాలుగా ఉండటం మిగతా గుర్తులు. డెలివరీ రోజే చూసుకోండి, వాపసు గడువు దాటితే చేసేదేం లేదు.

బాలకాండ:
వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో మాంగా కాగితం తొందరగా పసుపెక్కుతుంది, అది చవక గుజ్జు కాగితం. గోడకి ఆనించకుండా వేలెడు సందు వదిలి నిలబెట్టండి. ప్లాస్టిక్ సంచిలో బిగించి కడితే తేమ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. అల్మరాలో సిలికా జెల్ సంచులు పెట్టి వానాకాలం ముందు మార్చండి.

కృష్ణాతీరం:
ఇప్పటివరకూ విన్నదాన్ని బట్టి: బ్యాట్‌మన్ ఇయర్ వన్ ఒకటి, విజన్ ఒకటి, డెత్ నోట్ మొదటి మూడు, ఫుల్‌మెటల్ మొదటి రెండు, స్లామ్ డంక్ ఒకటి. సరేనా?

నాలుగోప్యానెల్:
వద్దండీ. ఇలా పంచితే ఎనిమిది పుస్తకాలకి ఆరు అసంపూర్తి. డెత్ నోట్ మూడో సంపుటం దగ్గర ఆగితే నాలుగోది కొనకుండా నిద్ర పట్టదు, మొత్తం 12 ఉన్నాయి. బడ్జెట్‌లో పూర్తయ్యేది ఒకటి తీసుకోండి.

సిరా_మరక:
అయితే ప్లూటో. ఉరసావాది, 8 సంపుటాలు, ముగిసిపోయింది. విడి సంపుటం సుమారు 400 నుంచి 600 మధ్య ఉంటుంది, డిస్కౌంట్ ఉన్నప్పుడు ఎనిమిదీ 4 వేల దగ్గర రావచ్చు. తెజుకా ఆస్ట్రో బాయ్‌లోని ఒక కథని తీసుకుని పెద్దల కోసం రోబోల హత్యల దర్యాప్తుగా మార్చాడు. అసలుది చదవకపోయినా అర్థమవుతుంది. మొదటి సంపుటంలో నార్త్ నంబర్ 2 అనే రోబో, అంధుడైన ముసలి సంగీతకారుడి కథ ఉంది. అది నచ్చకపోతే మాంగా మీకు పడదేమో అని కూడా అనుమానించొచ్చు.

షోనెన్ జంప్ తరహావి కొనే ముందు మాంగా ప్లస్ యాప్‌లో రుచి చూడండి. చాలా సిరీస్‌లకి మొదటి మూడు, తాజా మూడు అధ్యాయాలు ఉచితం, చట్టబద్ధం. అక్షరాలు పెద్దవి కాబట్టి ఫోన్‌లో కూడా బాగానే చదవొచ్చు. అమెరికా కామిక్స్‌కి మాత్రం కనీసం పదంగుళాల టాబ్లెట్ కావాలి.

పాతపుస్తకం:
ప్లూటో ఒప్పుకుంటాను. అరుదుగా ఒప్పుకుంటాను, రాసిపెట్టుకోండి. మిగిలిన డబ్బులకి ఇయర్ వన్. నాలుగే సంచికలు, కానీ ఆర్టిస్టు మాజుకెల్లీ నీడలు ఎక్కడ ఎలా వేశాడో, పోలీసు అధికారి గోర్డన్ ముఖం ఎన్ని గీతలతో గీశాడో లెక్కపెట్టండి. ప్లూటో ముఖాల పక్కన పెట్టి చూస్తే ఈ దారం అంతా అక్కడే ఉంది.

కృష్ణాతీరం:
ఆర్డర్ పెట్టేశాను. ప్లూటో 1 నుంచి 7 వచ్చే వారం, 8 స్టాక్ లేదంటున్నారు.

నాలుగోప్యానెల్:
8 దొరికేదాకా 7 తెరవకండి. ఆఖరి సంపుటాలు తక్కువ అచ్చు వేస్తారు, అందుకే ముందు అయిపోయేవి అవే. మన దేశంలో విజ్ పుస్తకాల పంపిణీ సైమన్ అండ్ షుస్టర్ ఇండియాది. పుస్తకాల షాపుకి ఐఎస్‌బీఎన్ ఇచ్చి వాళ్ల ద్వారా తెప్పించమని అడగండి. రీప్రింట్ వచ్చినప్పుడు ముందు వాళ్లకే తెలుస్తుంది.